నాలుగో రాయి

వేడెక్కిన గాజు మీద తడిగుడ్డ వేస్తే ఒక వాసన వస్తుంది. కాలిన మన్ను వాసన కాదు, తొలకరి వాసనా కాదు. రెండూ కొంచెం కొంచెం కలిసినట్టు ఉంటుంది. రాజంపేట పక్కన మా నిమ్మతోటలో ఒక చిన్న గది వేసుకుని, దాని మీద సోలార్ పలక పెట్టించుకున్నాను. దాన్ని పొద్దున్నే, ఎండ ముదరకముందే తుడవాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా అప్పుడప్పుడు కావాలనే ఆలస్యం చేస్తాను, ఆ వాసన కోసం. అది ముక్కుకు తగిలితే చాలు, ఒమాన్ లో బహ్లా ఊరి చివర ఖర్జూరపు తోట కళ్ళముందుకు వస్తుంది. తోటలో సిమెంటు ఇటుకల గది, గది ముందు చాప, చాప మీద కాళ్ళు చాపుకుని కాఫీ గిన్నెలు ముందు పెట్టుకున్న ముసలావిడ.

ఆమెను నేను మామా అని పిలిచేదాన్ని. గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మా కడప ఆడవాళ్ళు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు, యజమానిని బాబా అంటారు. ఊళ్ళో వాళ్ళకు ఆమె ఉమ్ సాలిం, అంటే సాలిం తల్లి. నాగమ్మ అనే నా పేరు ఆమె నోట నగ్మా అయింది. మొదట్లో నాలుగైదు సార్లు సరిచేశాను, తర్వాత ఆ పిలుపే ముద్దుగా అనిపించి వదిలేశాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. అలిగితే కాఫీ పోయదు, అదే ఆమె కోపం. నేనేమన్నా తక్కువదాన్నా, ఆమె అలిగిన రోజు నేను రొట్టెల్లో ఉప్పు తగ్గించేదాన్ని. ఆమె తినేసి ఏమీ అనేది కాదు. మరుసటి రోజు నా గిన్నెలో కాఫీ అంచుదాకా ఉండేది. ఒకరి భాష ఒకరికి సగం సగమే వచ్చిన మేమిద్దరం అలా బతికాం.

నేను ఆమె దగ్గర చేరేనాటికి బాబా పోయి ఏడాది కాలేదు. ఆయన పోయింది ఆ తోట గదిలోనే. బహ్లాలో వాళ్ళకు మంచి ఇల్లుంది, అయినా మొగుడూ పెళ్ళాం సగం రోజులు తోటలోనే ఉండేవారట. ఆ రోజు మామా ఊళ్ళో పెళ్ళికి వెళ్ళింది. ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది, చేతిలో ఫోను ఉంది, దానిలో చార్జి లేదు. తోటకు కరెంటు లేదు. రోడ్డుకూ తోటకూ మధ్య వాదీ, అంటే వాన పడ్డప్పుడు తప్ప నీళ్ళు పారని వెడల్పాటి రాళ్ళ వాగు. పిలిస్తే వినపడే దూరంలో మనిషి లేడు. దూరాన సీబ్ పట్నంలో ఉండే పెద్దకొడుకు సాలిం ఆ ఆగిపోయిన ఫోనును చూసిన నాటినుంచి మనిషి మారిపోయాడని మామా చెప్పేది. అమ్మ ఆ గదిలో ఒక్క పూట ఉన్నా ఆయనకు ముద్ద దిగేది కాదు.

మామాకు మాత్రం ఆ గదే కావాలి. సాలిం నచ్చజెప్పాడు, బతిమాలాడు, చివరికి ఊళ్ళో ఇంటిని అద్దెకిచ్చి అమ్మను సీబ్ కు తీసుకెళ్ళిపోతానన్నాడు. అక్కడ విల్లా ఉంది, మనవలున్నారు, ప్రతి గదికీ ఏసీ ఉంది. మామా అన్నీ విని ఒకటే అడిగింది, తోటలో కరెంటు ఉంటే ఉండనిస్తావా అని. సాలిం సరేనన్నాడు. ఎందుకనడు? వాదీ దాటించి స్తంభాలు పాతి లైను లాగడమంటే తోట అమ్మినా సరిపోని పని, అది జరిగేది కాదని ఆయనకు తెలుసు. ఆ మాట ఇచ్చేసి, సామాను సర్దుకోమని తల్లికి ఒక ఇనప పెట్టె కొనిచ్చి వెళ్ళాడు. మామా ఆ పెట్టెను గది గుమ్మం పక్కన పెట్టింది, లోపలికి తేనివ్వలేదు. ఆమె వెళ్ళిపోతే నా సంగతేమిటని నాకూ గుబులే. సీబ్ ఇంట్లో అప్పటికే గోదావరి జిల్లా అమ్మాయి పనిచేస్తోంది, ఇద్దరెందుకు? కానీ నిజం చెప్పాలి, ఆ పెట్టె పక్కన కూర్చున్న ఆమెను చూస్తుంటే నా సంగతి నాకు గుర్తుండేది కాదు. పెరిగిన చెట్టును పెళ్ళగించి ఇంకోచోట నాటితే బతుకుతుందా?

లింగన్న మాకు దొరికింది అప్పుడే. జగిత్యాల వైపు మనిషి, రోడ్డు పనులు చేసే కంపెనీలో కూలి. వాళ్ళ రూములు మా తోట అవతలే. శుక్రవారం డ్యూటీ ఉండదు గనుక ఫలజ్ దగ్గర బట్టలు ఉతుక్కోవడానికి వచ్చేవాడు. ఫలజ్ అంటే కొండల కిందనుంచి ఊరి తోటలన్నిటికీ నీళ్ళు తెచ్చే రాతి కాలవ. తెలుగు మాట విని నెలలైన నేను ఆ మనిషిని ఎండలో నిలబెట్టి మా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన చొక్కా పిండుతూ నింపాదిగా విన్నాడు.

"గింతదానికి గంత పరేషానెందుకు చెల్లె? రోడ్డు పొంటి రాత్రిళ్ళు మినుకు మినుకుమనే మా సైట్ లైట్లకు ఏ తీగలున్నయ్? ఎండ పలకలే గద. ముసలామెకు ఏమేం నడవాలెనో ముంగట అడుగు. అది తెల్వకుంటే ఎవడేం జెయ్యలేడు."

నేను అడిగాను. ఇంకెవరైనా అయితే ఫ్రిజ్జు, టీవీ, ఏసీ అని మొదలుపెట్టేవాళ్ళు. మామా రోజంతా ఆలోచించింది. మామూలుగా లేచింది, నడిచింది, పడుకుంది, ఎప్పుడేది లేక ఇబ్బంది అవుతుందో చూసుకుంది. చక్కెర జబ్బు మందును తడి గుడ్డ చుట్టిన బహ్లా మట్టికుండలో పెట్టుకునే అలవాటు ఎలాగూ ఉంది, ఫ్రిజ్జు కొట్టేసింది. మేకలుండగా టీవీ ఎందుకంది. జనరేటర్ మాట ఎత్తితే, ఆ మోతలో కొడుకు పిలిచినా వినపడదని మొహం తిప్పుకుంది. సాయంత్రానికి మూడు మిగిలాయి: మధ్యాహ్నం కాస్త గాలి, చీకటి పడ్డాక దీపం, ఎప్పుడూ ప్రాణంతో ఉండే ఫోను.

ఆ మూడింటికి ఎంత కావాలో అంతే తెచ్చాడు లింగన్న. పాత సామాన్ల దుకాణంలో మూల గీసుకుపోయిన పలక ఒకటి, లారీ బ్యాటరీ ఒకటి, బ్యాటరీకి ఎక్కువా తక్కువా కాకుండా చూసే చిన్న డబ్బా ఒకటి, లారీ డ్రైవర్ల ముందు తిరిగే బుల్లి ఫ్యాను, రెండు చిన్న బల్బులు. మామా రెండు మేకలు అమ్మింది, దాంతో అంతా అయిపోయింది. కరెంటు ఇంత చవకా అని ఆమెకు అనుమానం కూడా వచ్చింది. లింగన్న గది పైకెక్కి, పలకను తూర్పు ముఖంగా నిటారుగా బిగించి, అగరువత్తి వెలిగించి దండం పెట్టుకున్నాడు. సూర్యుడి పని కాబట్టి తూర్పేనన్నాడు, నాకూ సబబుగానే తోచింది. మామా ఆ పొగ ఎందుకని అడగలేదు. కిందికి దిగిన మనిషికి ఖర్జూరాలు పెట్టి మూడు గిన్నెల కాఫీ తాగించింది.

ఆ శుక్రవారం సాలిం పరీక్షకు వచ్చాడు. సాయంత్రపు నమాజు అయింది, మామా స్వయంగా స్విచ్చి వేసింది, గది వెలిగింది. ఆమె ముఖంలో ఆ సంతోషం చూడాలి! సాలిం కూడా నవ్వాడు. అన్నం పళ్ళెం ముందు కూర్చున్నాం. ఇంకా సగం తినకముందే బల్బు ఎర్రబడింది, పసుపు నీళ్ళలా పలచబడింది, ఆరిపోయింది. సాలిం తన ఫోను వెలుగులో తల్లి చేతికి నీళ్ళ గ్లాసు అందించాడు. కోప్పడి ఉంటే బాగుండేది, ఆయన మెల్లగా అన్నాడు.

"నాన్న ఫోను కూడా ఇలాగే ఆరిపోయిందమ్మా. వచ్చే శుక్రవారం బండి తెస్తాను. పెట్టె సర్దుకో."

ఆ మర్నాడు మామా కాఫీ కాచలేదు. నా మీద కాదు, ఎవరి మీదా కాదు. పెట్టె మూత తీసి బాబా తలపాగా గుడ్డ అడుగున పెట్టింది. అది చూడలేక బయటికొచ్చేశాను. వాకిట్లో ఒక కర్ర పాతి ఉండేది. మామా తండ్రి ఫలజ్ నీటి వంతులు చూసే పెద్ద. కర్ర నీడ ఫలానా రాయి దాటితే ఫలానా వాళ్ళ తోటకు నీళ్ళు మళ్ళించాలి, అలా పంచేవారు. గడియారాలు వచ్చాక కూడా మామా ఆ కర్రను తీయలేదు. నేను ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాను. పొద్దున సగం దాకా తూర్పు వైపు ఖర్జూరపు చెట్ల నీడ పలక మీదే ఉంది. చెట్లు దాటి ఎండ వచ్చేసరికి సూర్యుడు పక్కకు జరిగిపోయాడు. మిట్టమధ్యాహ్నం కర్ర నీడ ఉత్తరం వైపు పడింది. అంటే ఆ చలికాలపు సూర్యుడు నడిచేదంతా దక్షిణాన. అటువైపు ఒక్క చెట్టు లేదు, ఉన్నదంతా తెల్లటి వాదీ. మన పలకేమో మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తున్న లింగన్నను దారిలోనే పట్టుకున్నాను. "ఏందన్నా ఇట్ల జేస్తివి? సైట్ లో పలకలన్నీ యాపక్క తిరిగుంటాయో నీకు తెలీదా?" అని నిలదీశాను. ఆయన చాలాసేపు చెప్పులతో మట్టి గీశాడు.

"తెల్వక కాదు చెల్లె. అన్నీ దక్షిణం దిక్కే ఉంటయ్. కని అది యముని దిక్కు. రోడ్డు మీది లైటుకైతే ఏంగాదు. మొగడు పోయిన ముసలామె పండుకునే ఇంటికి అటు మొకం ఎట్ల పెడుత? నా చెయ్యి రాలే."

తిట్టడానికి నోరు తెరిచినదాన్ని మూసుకున్నాను. నేను కూడా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దక్షిణం వైపు కాళ్ళు చాపి పడుకుని ఎరగను. ఇద్దరం వెళ్ళి మామా ముందు నిలబడ్డాం, తప్పు చేసిన పిల్లల్లాగా. యముణ్ణి అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ప్రాణం తీసుకుపోయే దేవదూత అటువైపు ఉంటాడని మావాళ్ళ నమ్మకం, నీకేమన్నా అవుతుందని ఈయన భయపడ్డాడు అని చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లింగన్న వంక చాలాసేపు చూసింది, ఆ తర్వాత దక్షిణం వైపు, వాదీ వైపు చూసింది.

"పెళ్ళయిన నాటి నుంచీ సాయంత్రాలు నేను అటే చూస్తూ కూర్చున్నాను బింతీ. ఆయన మేకల్ని తోలుకుని వచ్చేది అటునుంచే. మీ దేవదూత కూడా అటునుంచే వస్తాడంటే మంచిదే, నాకు తెలిసిన దారిలోనే వస్తాడు. తిప్పమని చెప్పు."

బింతీ అంటే నా కూతురా అని. లింగన్న కళ్ళు తుడుచుకుని పైకెక్కి, వెలుతురుండగానే పలకను తిప్పి కాస్త వాల్చి బిగించాడు. దిగేటప్పుడు ఈసారి అగరువత్తి వెలిగించలేదు, వాదీకేసి తిరిగి ఒక్క దండం మాత్రం పెట్టాడు.

తిప్పినంత మాత్రాన సరిపోదని మామాకు అనిపించింది. బ్యాటరీ ముందు కూర్చుని దాన్ని ఫలజ్ నీళ్ళు నిలవ చేసే తొట్టెలా చూసింది. తొట్టె ఎంత పెద్దదైనా వంతులు లేకపోతే చివరి తోట ఎండిపోతుందట. వాదీ నుంచి నున్నటి రాళ్ళు ఏరుకొచ్చి గుమ్మం మీద వరసగా పెట్టింది. ఎండ నడినెత్తిన ఉండగా మొదటి రాయి, ఫోను వంతు. కర్ర నీడ మేకల దొడ్డి గోడను తాకితే రెండోది, ఫ్యాను వంతు. సాయంత్రపు నమాజు నుంచి రాత్రి నమాజు దాకా మూడోది, దీపం వంతు. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అంతా విన్నాక చూస్తే వరసలో నాలుగో రాయి ఉంది. అదెవరిదని అడిగాను. నీది అంది.

నాకేం వద్దన్నాను. అది మర్యాదకు అన్న మాట కాదు. భర్త పోయినప్పటి నుంచి నేను అందరూ తిన్నాకే తిన్నాను, మా అక్క ఇంట్లో కూతుర్ని వదిలి విమానం ఎక్కాను, నాకంటూ ఒకటి కావాలనుకోవడం మరిచిపోయాను. మామా నా మాట పట్టించుకోలేదు.

"మా ఊళ్ళో కాలవ పూడిక తీసినవాళ్ళకు నీళ్ళ వంతు ఇస్తాం, అది దానం కాదు. ఆ అద్దం రోజూ తుడవబోయేది నువ్వు. రాత్రి నమాజు తర్వాత దీపం నీది, ఫోను నీది. ఏం చేసుకుంటావో నేను అడగను."

శుక్రవారం వచ్చింది. సాలిం బండితోనే వచ్చాడు. పెట్టె గుమ్మం పక్కనే ఉంది, మామా తాళం కూడా వేసింది. ఫ్యాను తిరిగింది, సాయంత్రం దీపం వెలిగింది. అన్నం తిన్నాం, చేతులు కడుక్కున్నాం, దీపం అలాగే ఉంది. సాలిం చూపు తిప్పకుండా దాన్నే చూస్తూ ఉన్నాడు. రాత్రి నమాజుకు మసీదుకు వెళ్ళొస్తానని వాదీ దాటి వెళ్ళాడు. కాసేపటికి మామా ఫోను మోగింది. తెర మీద కొడుకు పేరు. ఆమె ఎత్తలేదు. రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి తీరిగ్గా తీసి, ఎవరూ అంది. అవతల మాట వినపడలేదు. మామా గొంతు మెత్తబడింది. "ఉన్నాను నాయనా, ఇక్కడే ఉన్నాను" అని మళ్ళీ మళ్ళీ అంది. సాలిం తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఇనప పెట్టెను ఎత్తి గది లోపల, మంచం కింద పెట్టాడు. తర్వాత బయటికొచ్చి, కాఫీ ఉందా అని నన్ను అడిగాడు.

నా వంతుతో ఏం చేసుకోవాలో నాకు కొన్నాళ్ళు తెలియలేదు. దీపం కింద ఊరికే కూర్చునేదాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ వేళకు మామా మంచం ఎక్కి అటు తిరిగి పడుకునేది, నాకు సిగ్గనిపించకుండా. తర్వాత ఒక రోజు ఫోను కార్డు కొనుక్కుని మా అమ్మాయి సుజాతకు చేశాను. అంతకుముందు కూడా చేసేదాన్ని, దొంగతనంగా, వంటగదిలో నిలబడి, బాగున్నావా బాగున్నాను అని. ఈసారి కూర్చుని చేశాను. బడిలో ఏం చెప్పారు, జడ ఎవరు వేశారు, ఎవరితో కొట్లాడింది, అన్నీ అడిగాను. వింటూ వింటూ ఏడ్చాను కూడా. మామా కదల్లేదు. పొద్దున్నే మాత్రం, కూతురు బాగుందా అని అడిగి కాఫీ అంచుదాకా పోసింది. ఆమె నాకు ఇచ్చింది కాస్త వెలుతురే. కానీ ఇంట్లో నాకూ ఒక వంతు ఉంటుందని, దాన్ని అడుక్కోనక్కర్లేదని నాకు తెలిసింది అక్కడే. ఊరికి తిరిగొచ్చాక మా అన్నదమ్ముల ముందు కూర్చుని, నాన్న నిమ్మతోటలో నా భాగం నాకు కావాలని తలెత్తి అడిగాను. వాళ్ళు బిత్తరపోయారు. ఇచ్చారు.

నేను వచ్చేస్తున్న రోజు మామా ఏడవలేదు. నాలుగో రాయి తీస్తావా అని అడిగాను. ఎందుకు తియ్యాలి, వంతుదారు ఊరెళ్ళినంత మాత్రాన వంతు పోతుందా అని కసురుకుంది. అన్నట్టే, శుక్రవారాల్లో రాత్రి నమాజు అయ్యాక ఫోను చేసేది. ఇక్కడ నేను అన్నం తిని గిన్నెలు కడిగే వేళ. వచ్చిన అరబ్బీ నేను మరిచిపోతూ ఉంటే తిడుతూ నేర్పేది. లింగన్న కంపెనీ మారేదాకా పలక సంగతి అతనే చూశాడని చెప్పింది. చేసిన ప్రతిసారీ చివర్లో అద్దం తుడుస్తున్నావా అని అడిగేది, నా అద్దం ఇంకా పెట్టనే లేదని తెలిసి కూడా.

ఒకసారి శుక్రవారం కాని రోజున, అదే వేళకు ఫోను మోగింది. మామా పేరే ఉంది, మాట్లాడింది మాత్రం సాలిం. వచ్చీ రాని హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడాడు. అమ్మ మధ్యాహ్నం పోయిందన్నాడు, ఆ గదిలోనే, నిద్రలో. ఒంట్లో బాగోలేదని పొద్దున తనే ఫోను చేసి పిలిచిందట, తను వచ్చేదాకా ఉందట. తన చేతిలో ఆమె చెయ్యి ఉందన్నాడు.

"మధ్యాహ్నమే చెప్పాలనుకున్నాను నగ్మా. కానీ గుమ్మం మీద రాళ్ళు చూశాను. నాలుగోదాని దాకా ఆగి చేశాను, ఇది నీ వంతు కదా."

దీపం వెలుగుతోందా అని అడిగాను. వెలుగుతోందన్నాడు.

ఇప్పుడు నా తోట గది మీద పలక దక్షిణం వైపే చూస్తుంది. బిగించడానికి వచ్చినతను అందరికీ అలాగే పెడతామని చెప్పాడు, నేను తల ఊపాను. సుజాత పెళ్ళయి కడపలో ఉంది. వచ్చినప్పుడల్లా గుమ్మం మీద ఈ రాళ్ళెందుకమ్మా, కాళ్ళకు తగులుతున్నాయి అంటుంది. మొదటి మూడు ఏమిటో చెప్పాను. నాలుగోది మాత్రం రాత్రి భోజనాలయ్యాక చూపించాను. దీపం కింద చాప వేసి, ఫోను దాని చేతికిచ్చి, ఇది నీది, ఏం చేసుకుంటావో నేను అడగను అని చెప్పి, అటు తిరిగి పడుకున్నాను.